అరగంట ఎవరిది?

అందరికీ నమస్కారం. సీరియల్ రచయితలు కావాలని వచ్చేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కథని ఎందుకండీ అంత సాగదీస్తారు?" రాసేవాడికి చేతకాక అనుకోకండి. సీరియల్ నడిచే ఆ అరగంటకి డబ్బు ఎవరు పెడుతున్నారు, మునిగితే ఎవరు మునుగుతారు అన్నది చూడండి, సగం సంగతి తెలిసిపోతుంది.

జెమిని, ఈటీవీ రెండూ 1995లోనే వచ్చాయి గానీ లెక్కలు వేరు. ఈటీవీ సీరియళ్లని చాలావరకు సొంతంగా తీసేది. జెమినిని నడిపే సన్ గ్రూపు వాళ్ల పద్ధతిలో నిర్మాత టెలికాస్ట్ ఫీజు కట్టి స్లాట్ (ప్రసార సమయం) తీసుకునేవాడు, తన వాటాకొచ్చిన యాడ్ టైమ్‌ని తనే అమ్ముకునేవాడు. సీరియల్ ఆడితే లాభమంతా అతనిదే, ఆడకపోతే అప్పులూ అతనివే. అందుకే అప్పట్లో నిర్మాతలు స్పాన్సర్ల చుట్టూ తిరిగేవాళ్లు.

2005లో జీ తెలుగు వచ్చింది, 2015లో మా టీవీని స్టార్ కొనేసింది. చానలే ఎపిసోడ్‌కి ఇంత అని ఇచ్చి తీయించుకునే పద్ధతి గట్టిపడింది. యాడ్ డబ్బులు చానల్‌వి, సాధారణంగా కథ హక్కులూ చానల్‌వే. నిర్మాతకి మిగిలేది బడ్జెట్‌లో మిగుల్చుకున్నదే. ఇక ఏం చేస్తాడు? అద్దెకి తీసుకున్న ఇంటి హాల్లోనే కథంతా నడిపిస్తాడు. అత్తగారు ఒక మాట అంటుంది. కెమెరా కోడలి మీదకి, ఆడపడుచు మీదకి, మెట్ల మీద నిలబడ్డ మామగారి మీదకి, మళ్లీ అత్తగారి మీదకి వెళ్తుంది. ఒక్క డైలాగు, నిమిషం ఫుటేజీ. లొకేషన్ మారలేదు, లైటింగ్ మారలేదు. రోజుకో ఎపిసోడ్ తీయాల్సిన యూనిట్‌కి అది బద్ధకం కాదు, బతుకుతెరువు.

ఇక టీఆర్పీ. 2015 నుంచి ఈ లెక్కలు ఇస్తున్నది బార్క్, అంటే టీవీ ఎవరు ఎంత చూస్తున్నారో కొలిచే సంస్థ. చానల్ శబ్దంలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలుపుతారు, ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టిన మీటరు దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందు కూర్చున్నవాళ్లు మీటరు రిమోట్‌లో ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. ప్రతి గురువారం లెక్కలు వస్తాయి. ఇందులో కిటుకేమిటంటే, రేటింగ్ అంటే ఎంతమంది చూశారన్నది ఒక్కటే కాదు, ఎంతసేపు చూశారన్నది కూడా. వెయ్యిమంది అరగంటా కూర్చున్నా, రెండు వేల మంది పావుగంటే చూసి వెళ్లిపోయినా సగటు ఒకటే. కొత్తవాళ్లని రప్పించడం కష్టం. ఉన్నవాళ్లని కదలకుండా కూర్చోబెట్టడం కాస్త సులువు. చెంపదెబ్బ సరిగ్గా బ్రేక్ ముందు పడేది అందుకే. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో బ్రేక్ తర్వాతే చూపిస్తారు!

ఈ మీటర్లని నమ్మొచ్చా అంటే, 2020 అక్టోబరులో ముంబై పోలీసులు రేటింగుల మోసం ఆరోపణలు బయటపెట్టాక బార్క్ న్యూస్ చానళ్ల రేటింగులు ఆపేసింది. మళ్లీ 2022 మార్చిలో గానీ ఇవ్వలేదు. సీరియళ్ల రేటింగులు మాత్రం ఆగలేదు.

హక్కుల దగ్గర కాసేపు ఆగుదాం, మీకు పనికొచ్చేది ఇదే. 'కార్తీక దీపం' స్టార్ మాలో (పాత మా టీవీ) 2017 నుంచి 2023 దాకా 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. దాని మూలం ఏషియానెట్‌లో వచ్చిన మలయాళ సీరియల్. రెండు చానళ్లూ అప్పటికి స్టార్ సంస్థవే. ఒకచోట ఆడిన కథని ఇంకో భాషలోకి తెచ్చుకోవడానికి బయటివాళ్లని అడగక్కర్లేదు. పైగా ఇప్పుడు అదే ఎపిసోడ్ టీవీలోనూ, ఓటీటీలోనూ డబ్బు తెస్తుంది. ఎపిసోడ్‌కి ఇంత అని ఒకేసారి తీసుకున్న రచయితకి ఇందులో ఏమొస్తుంది?

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా కోసం రాసినదాన్ని థియేటర్ బయట వాడుకుంటే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు రచయితకి ఇచ్చారు. చట్టం భాషలో సీరియల్ కూడా సినిమా కిందికే వస్తుంది. కానీ పాత పేమెంట్ కోసమే ఫోన్లు చేస్తూ కూర్చున్న రచయిత రాయల్టీ మాట ఎత్తుతాడా? ఎత్తితే మర్నాటి సీన్లు ఇంకొకరి చేతికి వెళ్తాయి. కాబట్టి సంతకం పెట్టేముందు అగ్రిమెంట్‌లో రీమేక్, డబ్బింగ్, ఓటీటీ అని ఉన్న పేజీ చదవండి, అర్థం కాకపోతే లాయర్‌కి చూపించండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.