ఎక్స్‌పాన్ రివ్యూ: పాత కట్టడాల ఫొటోలకు ఈ పనోరమిక్ కెమెరా పనికొస్తుందా?

నమస్తే అండీ. ఇవాళ మన ముందున్నది స్వీడన్ కంపెనీ హాసెల్‌బ్లాడ్ వారి ఎక్స్‌పాన్. పనోరమాలు, అంటే బాగా వెడల్పాటి ఫొటోలు తీసే ఫిల్మ్ కెమెరా. 1998లో వచ్చింది, 2006లో తయారీ ఆగిపోయింది. ఫ్యూజీఫిల్మ్‌తో కలిసి చేశారు కాబట్టి, జపాన్‌లో ఇదే కెమెరా టీఎక్స్-1 పేరుతో అమ్ముడైంది. దీంతో వీధి ఫొటోలు తీసేవాళ్లు చాలామంది. నేను మాత్రం దీన్ని ఒక్క పనికే పరీక్షిస్తాను: పాత గుళ్లు, కోటలు, శిథిలాలు, వాటి చుట్టూ ఉన్న నేల. గోడకు పెద్ద ప్రింట్‌గా పెట్టుకునే ఫొటో దీంతో వస్తుందా, రాదా?

ముందు నెగటివ్ సంగతి. ఇందులో వేసేది మామూలు 35 ఎంఎం రోలే. అయితే మామూలు కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కు 24×36 మిల్లీమీటర్లు వాడితే, ఇది 24×65 వాడుతుంది. 36 ఫొటోల రోల్‌లో 21 పనోరమాలు వస్తాయి. "మామూలు ఫొటోనే క్రాప్ చేసుకోవచ్చుగా?" అంటారు. చేసుకోవచ్చు. కానీ అలా కోస్తే మిగిలేది 13 మిల్లీమీటర్ల ఎత్తున్న సన్నటి పట్టీ. ఎక్స్‌పాన్ నెగటివ్ దానికి మూడు రెట్ల కంటే పెద్దది. శిథిలాల ఫొటోలో మనకు కావాల్సింది రాయి గరుకుదనం, పగుళ్లు, ఉలి దెబ్బలు. ప్రింట్ మీటరు పొడవు దాటిందంటే ఆ తేడా దాగదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన చిన్న విషయం. రోల్ వేయగానే ఇది ఫిల్మంతా బయటికి చుట్టేసుకుంటుంది. తర్వాత ఒక్కో ఫొటో తీసిన కొద్దీ డబ్బాలోకి వెనక్కి లాగుతుంది. పొరపాటున వెనక తలుపు తెరుచుకున్నా, తీసిన ఫొటోలు చాలావరకు భద్రం.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ కెమెరాలో లెన్స్‌ను పైకి జరిపే షిఫ్ట్ లేదు. ఎత్తైన గోపురం పట్టలేదని కెమెరా పైకెత్తారనుకోండి, నిలువు గీతలన్నీ లోపలికి వాలిపోతాయి. ఇంత వెడల్పు ఫ్రేమ్‌లో అంచున ఉన్న స్తంభాలైతే మరీ ఘోరంగా పడిపోతున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి రసమట్టం బుడగ చూసుకుంటూ కెమెరాను తిన్నగా పెట్టాల్సిందే. తిన్నగా పెడితే, ఆకాశం నేల కలిసే గీత ఫ్రేమ్‌కు సరిగ్గా మధ్యలోకి వస్తుంది. దీని మామూలు 45 ఎంఎం లెన్స్ ఆ గీతకు పైన చూసేది 15 డిగ్రీలే.

గీజాలో ఖుఫు పిరమిడ్ తీసుకోండి. ఇప్పుడు దాని ఎత్తు దాదాపు 138 మీటర్లు. సమతలం మీద నిలబడి, కెమెరా ఎత్తకుండా శిఖరం ఫ్రేమ్‌లో పడాలంటే పిరమిడ్ నడిమధ్య నుంచి కనీసం అర కిలోమీటరు వెనక్కి వెళ్లాలి. అక్కడి నుంచి చూస్తే 230 మీటర్ల పునాది కూడా ఫ్రేమ్ వెడల్పులో సగానికి మించదు. మిగతాదంతా ఇసుక, ఆకాశం, పక్క పిరమిడ్లు.

దీన్ని లోపం అనేవాళ్లున్నారు. నా లెక్కలో ఈ కెమెరా గొప్పతనమే ఇది. పనోరమా అంటే ఎక్కువ పట్టించడం అనుకుంటాం గానీ, ఈ ఫ్రేమ్ మనల్ని కట్టడానికి దూరంగా తోస్తుంది. ఫ్రేమ్‌లో కింది సగం నేలే కాబట్టి, ఆ నేల మీద ఏముందో పట్టించుకోక తప్పదు. కూలిన రాళ్లు, బండి జాడలు, గడ్డి, సాయంత్రం సాగిన నీడ, ఏదో ఒకటి ఉండాలి. ఖాళీ పార్కింగ్ స్థలం ముందు నిలబడి తీస్తే ఎంత గొప్ప కట్టడమైనా సగం ఫొటో దండగ. ఒక కొండ మీద కోట ఎందుకు కట్టారో, నది ఎటు ఉందో చెప్పగలిగే ఫొటో కావాలంటే ఈ దూరం అవసరం.

దగ్గరి నుంచి తీయడానికి, ఇంకా వెడల్పుగా చూసే 30 ఎంఎం లెన్స్ ఉంది. ఎఫ్5.6 దగ్గరే మొదలవుతుంది, అంటే లోపలికి తక్కువ వెలుగే వస్తుంది. అంచులు నల్లబడకుండా, మధ్యలో ముదురుగా ఉండే సెంటర్ ఫిల్టర్ పెడితే వెలుగు ఇంకా తగ్గుతుంది. పైగా అంచున ఉన్న గుండ్రటి స్తంభాలు లావెక్కుతాయి. ఖాళీ మైదానాలకు వాడండి, స్తంభాల వరసలకు వద్దు.

లెన్స్ తిరిగే రకం పనోరమా కెమెరాలూ ఉన్నాయి. 1840లలోనే పారిస్‌లో ఫాన్ మార్టెన్స్ అలాంటిది చేశాడు. వాటిలో స్తంభాలు లావెక్కవు, కానీ తిన్నటి గోడ విల్లులా వంగుతుంది. పొడవాటి గోడకు నేను గొప్పగా భావించే పద్ధతి వేరే. 1858లో బ్రిటిష్ సైనికాధికారి, ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయం అడుగుభాగంలోని శాసనాలను తీశాడు. కెమెరాను ఒకచోట నిలబెట్టి తిప్పలేదు, గోడ వెంట జరుపుతూ వెళ్లాడు. 21 ప్రింట్లు వరసగా అతికిస్తే దాదాపు 19 అడుగులు! ఇవాళ కంప్యూటర్లో స్టిచింగ్ చేసేవాళ్లు, అంటే ఫొటోలను పక్కపక్కన అతికేవాళ్లు కూడా చాలామంది ఇంత ఓపిక పట్టరు.

ఎత్తైన వాటికి ఎక్స్‌పాన్‌ను నిలువుగా తిప్పండి. అప్పుడు అదే 45 లెన్స్ పైకి 36 డిగ్రీల దాకా చూస్తుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1842లో మధ్యధరా తీరాలకు బయల్దేరిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జిరో ద ప్రాంజే తన డాగెరోటైప్ పలకలను (ఆ రోజుల్లో ఫొటో నేరుగా పడే వెండి పూత రాగి రేకులు) సన్నగా కోసి, స్తంభాలను నిలువు పనోరమాలుగా తీశాడు.

చిరాకులు కూడా చెప్పాలి. మొదటి మోడల్‌ను ఆటో మోడ్‌లో పెడితే షట్టర్ స్పీడ్ ఎంతో కనిపించదు. 2003లో వచ్చిన ఎక్స్‌పాన్ 2లో కనిపిస్తుంది. ఆకాశం నీలం కోసం, రంగును ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ పెట్టకండి. 70 డిగ్రీల వెడల్పులో ఒకచోట ముదురు, ఒకచోట లేత రంగు వచ్చి మచ్చలా తేలుతుంది. ఎలక్ట్రానిక్స్ పోతే విడిభాగాలు దొరకడం కష్టం.

కొనాలా మరి? డిజిటల్ మీడియం ఫార్మాట్ (35 ఎంఎం కంటే పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాల్లో కొన్నింటికి ఇప్పుడు 65:24 క్రాప్ ఉంది. 100 మెగాపిక్సెల్ సెన్సర్‌లో కోసినా దాదాపు 50 మిగులుతుంది. దానికి షిఫ్ట్ లెన్స్ తోడైతే, పని పరంగా ఎక్స్‌పాన్‌ను దాటేస్తుంది. ఆర్డర్ మీద కట్టడాలు తీసేవాళ్లకు నా ఓటు దానికే. సొంత సరదాకి, రోజుకి ఒక్క రోల్‌తో, పొద్దెక్కేదాకా ఒకే శిథిలం చుట్టూ తిరిగే ఓపిక ఉంటే ఎక్స్‌పాన్ తీసుకోండి. కొనేముందు రేంజ్‌ఫైండర్‌లో (రెండు బొమ్మలను ఒకదానిపై ఒకటి కలిపి ఫోకస్ చేసే ఏర్పాటు) బొమ్మలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో దూరంగా ఉన్న స్తంభం మీద చూసుకోండి, ఒక రోల్ తీసి కడిగించాకే డబ్బులివ్వండి.