ఊదర బంతిలో ఏముంది?

(ఫార్మసీ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుని ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఫార్మసీ విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘ఔషధాలు – వినియోగదారుల హక్కులు’ అని అచ్చయింది. దాని మీద మాట్లాడటానికి నాకంటే అర్హులు ఈ వేదిక మీదే ఇద్దరున్నారు కనుక, ఆ పని వారికి వదిలి నేను ఒక రబ్బరు బంతి గురించి మాట్లాడతాను. ముప్పై ఒక్క సంవత్సరాలు న్యాయ కళాశాలలో కాంట్రాక్టుల చట్టం బోధించాను. ఏటా తరగతులు మొదలైన రెండో వారంలో ఈ బంతి కథ చెప్పాను. అన్నేళ్లలో ఆ బంతిలో ఏముందని ఒక్క విద్యార్థి కూడా నన్ను అడగలేదు. నాకు నేనుగా కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికి మీ వారోత్సవాలు నాకు సాకుగా దొరికాయి.

ఇది చూడండి. పాత ఆటోల హారన్‌కు ఉండే రబ్బరు బుడ్డి. మా వీధి చివర మెకానిక్‌ను అడిగి తెచ్చాను. ఇందులో నాలుగు చెంచాల టాల్కం పౌడరు పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టాను. నొక్కితే ఇదిగో, ఇలా పొగలాగా లేస్తుంది. ముందు వరుసలోని వారు మన్నించాలి. ఇంచుమించు ఇలాంటిదాన్నే 1891లో లండన్‌లో పది షిల్లింగులకు అమ్మారు. దాని పేరు కార్బాలిక్ స్మోక్ బాల్. పౌడరుకు బదులు అందులో కార్బాలిక్ ఆమ్లం పొడి ఉండేది. మీరు దాన్ని ఫినాల్ అంటారు. బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని నొక్కి పీలిస్తే ముక్కు ధారగా కారుతుంది, ఆ కారడంతోనే రోగం బయటికి పోతుందని దాన్ని అమ్మినవారి వాదన. ఏ రోగం అని అడగకండి. జలుబు, దగ్గు, ఉబ్బసం, తలనొప్పి, గొంతు నొప్పి, కోరింత దగ్గు, చివరికి గురక కూడా ఆ జాబితాలో ఉంది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌ను ఇన్‌ఫ్లుయెంజా పట్టి పీడిస్తున్నది. 1889లో మొదలైన ఆ మహమ్మారి అలలు అలలుగా వచ్చి, 1892 జనవరి 14న సాక్షాత్తు విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్‌ను కూడా తీసుకుపోయింది. రాజప్రాసాదానికే దిక్కులేని జబ్బుకు పది షిల్లింగుల బంతి ఏమి చేస్తుందని మనం ఇవాళ నవ్వవచ్చు గానీ, రాణి మనుమడినే వైద్యులు కాపాడలేనప్పుడు సామాన్యుడు బంతిని కాక మరి దేన్ని నమ్మాలి? కంపెనీ 1891 నవంబరులో పత్రికలలో ఒక ప్రకటన వేసింది. ముద్రించిన సూచనల ప్రకారం రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు ఈ బంతిని వాడిన తరువాత కూడా ఎవరికైనా ఇన్‌ఫ్లుయెంజా వస్తే వారికి 100 పౌండ్లు ఇస్తామని, తమ చిత్తశుద్ధికి నిదర్శనంగా రీజెంట్ వీధిలోని అలయన్స్ బ్యాంకులో 1,000 పౌండ్లు జమ చేశామని దాని సారాంశం.

కార్లిల్ అనే ఆవిడ ఆ ప్రకటన చదివి, నవంబరు 20న ఒక మందుల దుకాణంలో బంతి కొన్నది. చెప్పినట్లే రోజుకు మూడుసార్లు పీల్చింది. రెండు వారాలతో ఆపకుండా జనవరి దాకా పీల్చింది. జనవరి 17న ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆమె భర్త న్యాయవాది కావడం ఆ కంపెనీ చేసుకున్న దురదృష్టం. ఆయన ఉత్తరాలు రాస్తూ పోతే చివరికి వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? మోసపు దావాల నుంచి మమ్మల్ని మేము కాపాడుకోవాలి కనుక, మీరు రోజూ మా కార్యాలయానికి వచ్చి మా కార్యదర్శి ఎదుట బంతి వాడాలి అని. ఈ జవాబు దగ్గరికి వచ్చేసరికి నా తరగతి ఏటా ఘొల్లుమనేది. నేనూ నవ్వేవాడిని.

కంపెనీ తరఫున మొదటి విచారణలో వాదించిన ఆస్క్విత్ తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయ్యాడు. అక్కడ కంపెనీ ఓడిపోయింది. అప్పీలుకు వచ్చేసరికి హోంమంత్రి అయిపోయినందువల్ల ఆయన రెండో ఓటమిని చూడకుండా తప్పించుకున్నాడు. కంపెనీ వాదాలలో ముఖ్యమైనది, ఈ ప్రకటన కేవలం ‘పఫ్’ అని. ఆంగ్లంలో ఆ మాటకు పొగ ఊదడమనీ, గొప్పలు చెప్పుకోవడమనీ రెండర్థాలు. మనకు అంతకంటే మంచి మాట ఉంది. ఎలుకల బొరియకు పెట్టేదీ ఊదరే, ప్రకటనలతో చేసేదీ ఊదరగొట్టడమే. 1892 డిసెంబరు 7న అప్పీలు న్యాయస్థానంలో లిండ్లే, బోవెన్, ఎ.ఎల్. స్మిత్ ఏకగ్రీవంగా కార్లిల్‌కు 100 పౌండ్లు ఇప్పించారు. బ్యాంకులో డబ్బు వేశామని చెప్పినవాడు ఇది ఉత్త ఊదర అనడానికి వీలులేదన్నారు. కుక్క తప్పిపోయిందని, తెచ్చిచ్చినవారికి బహుమానం ఇస్తామని ప్రకటిస్తే, మీ షరతుకు సమ్మతిస్తున్నామని ముందు చీటీ రాసి పంపి ఆ తరువాత కుక్కను వెతుకుతారా అని బోవెన్ అడిగాడు. ప్రతిపాదన, అంగీకారం అన్న పాఠాన్ని ఇంత అందంగా చెప్పిన తీర్పు మరొకటి లేదని నేను ఇప్పటికీ అంటాను.

కానీ విద్యార్థులారా, దయచేసి గమనించండి. ఆ బంతి రోగాన్ని ఆపుతుందా, ఆపదా అన్నది ఆ తీర్పులో తేలలేదు. తేల్చవలసిన అవసరమే న్యాయస్థానానికి కలగలేదు. కంపెనీ ఓడిపోయింది అబద్ధం చెప్పినందుకు కాదు, 100 పౌండ్లు ఇస్తానన్న మాట తప్పినందుకు. ఆ బహుమానం వాక్యం ఒక్కటి ప్రకటనలో లేకపోయి ఉంటే, అదే బంతి, అదే పొడి, అదే ముక్కు కారడం, అదే ఇన్‌ఫ్లుయెంజా ఉండేవి గానీ కేసు ఉండేది కాదు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు దీన్ని మోసగాడికి జరిగిన శాస్తిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ కంపెనీ నేర్చుకున్న పాఠం వేరు. 1893 ఫిబ్రవరిలో మళ్లీ ప్రకటన వేసి, ఈసారి బహుమానాన్ని 200 పౌండ్లకు పెంచి, దాని చుట్టూ ఎవరూ దాటలేని షరతుల కంచె కట్టింది.

దీనికి ఆ ఒక్క కంపెనీని తప్పు పట్టి లాభం లేదు. వాటిని ‘పేటెంటు మందులు’ అనేవారు గానీ, వాటిలో చాలా వాటికి పేటెంటే ఉండేది కాదు. పేటెంటు కావాలంటే లోపల ఏమున్నదో రాసి ఇవ్వాలి కదా! ఆ వ్యాపారమంతా లోపల ఏమున్నదో చెప్పకపోవడం మీదే నడిచింది. పేటెంటు లేకపోయినా వాటి మీద ప్రభుత్వ ముద్ర మాత్రం ఉండేది. 1783లో మందుల మీద స్టాంపు సుంకం వేశారు, 1812 చట్టంతో దాన్ని గట్టిపరిచారు. డబ్బా మూత మీద అతికించిన ఆ స్టాంపును చింపితే తప్ప మందు బయటికి రాదు. ఖజానాకు అది పన్ను రసీదు, కొన్నవాడికి రాణిగారి హామీ. ఈ స్టాంపు ప్రభుత్వ పూచీ కాదని తరువాతి కాలంలో దాని మీదే అచ్చు వేయవలసి వచ్చింది. ఆ చిన్న అక్షరాలను ఎవరు చదివారు?

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, కాగితం ఉన్నవారు రాసుకోండి. సెయింట్ హెలెన్స్ పట్టణంలో థామస్ బీచమ్ అనే ఆయన, చిన్నప్పుడు గొర్రెలు కాచినవాడు, మాత్రలు చేసి ‘డబ్బా గినీ విలువ’ అని అమ్మాడు. గినీ అంటే 21 షిల్లింగులు, షిల్లింగు అంటే 12 పెన్నీలు. అమ్మిన ధర ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి రహస్య ఔషధాలను పరీక్ష చేయించి పుస్తకం వేసింది. బీచమ్ మాత్రలలో తేలినవి ముసాంబరం, శొంఠి పొడి, సబ్బు. 56 మాత్రల డబ్బాలో సరుకు ఖరీదు అర ఫార్థింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. ధర దానికి 108 రెట్లు. అంతకంటే నన్ను పట్టి కుదిపింది మరొకటి. ఆ ధరలో ఒకటిన్నర పెన్నీ స్టాంపు సుంకం, అంటే లోపలి మందు కంటే పైన అతికించిన స్టాంపు పన్నెండు రెట్లు ఖరీదు. చాలా పత్రికలు ఆ పుస్తకం గురించిన ప్రకటన వేసుకోవడానికే నిరాకరించాయి. మాత్రల ప్రకటనలు పోతాయని భయం.

స్టాంపు మాట ఇంతగా ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి. మా అక్కయ్యకు మధుమేహం. ఇన్సులిన్ సూది పొడుచుకోవడమంటే ఆమెకు ప్రతి ఉదయం ఒక చిన్న యుద్ధం. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి చేతిలో పసుపుపచ్చ రేకు డబ్బా పట్టుకుని, సూదులు మానేశానని సంతోషంగా చెప్పింది. ఆ డబ్బాలో ఏదో చేదు చూర్ణం, నలభై రోజులలో చక్కెర మాయమని దాని మీద రాత. నా ముఖం చూసి, డబ్బా అడుగున ఉన్న లైసెన్సు నెంబరు మీద వేలు పెట్టి, “ఇదిగో చూడరా, గవర్నమెంటు నెంబరు కూడా ఉంది. నువ్వు చదువుకున్నవాడివి కదా” అన్నది. అది తయారు చేసుకోవడానికి ఇచ్చిన అనుమతే గానీ రోగం తగ్గుతుందన్న హామీ కాదని, మధుమేహం నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 నాటి మన చట్టం నిషేధించిందని నాకు తెలుసు. ఆమె ముఖంలోని వెలుగు చూసి, నెమ్మదిగా చెప్పవచ్చునులే అనుకుని ఊరుకున్నాను. మరునాడు కళాశాలకు వెళ్లి కార్లిల్ కేసు చెప్పాను. మూడు నెలలకు అక్కయ్య కాలి బొటనవేలికి లేచిన పుండు మానలేదు. ఆ కాలిని మోకాలి కిందికి తీసేశారు. ఆ డబ్బాను మాత్రం ఆమె పారేయనివ్వలేదు, మూత గట్టిగా పడుతుందని అందులో మెంతులు పోసుకున్నది.

అధ్యక్షులవారు చీటీ పంపారు, త్వరగా ముగిస్తాను. మీరు ఫార్మసీ చదువుతున్నవారు కనుక ఒక్కటి వినాలి. 1868లో బ్రిటన్ ఫార్మసీ చట్టం చేసి నల్లమందు అమ్మకానికి కట్టుబాట్లు పెట్టింది. అందులోనే పేటెంటు మందులకు మినహాయింపు ఇచ్చింది. మందుల దుకాణంలో విడిగా కొంటే నల్లమందు విషం, బెల్లపు పాకంలో కలిపి గాడ్‌ఫ్రే కార్డియల్ అని పేరు పెడితే పసిపిల్లలకు పట్టించే పానకం. మిల్లులలో పని చేసే తల్లులు అది ఒక చెంచా పోసి, బిడ్డ నిద్రపోయాక పనికి వెళ్లేవారు. కొందరు బిడ్డలు లేవలేదు. అమెరికా నుంచి వచ్చిన ‘మిసెస్ విన్స్‌లో’ అనే పసిపిల్లల సిరప్‌లో నల్లమందు నుంచే తీసే మార్ఫిన్ ఉండేది. ఆ తల్లులు 100 పౌండ్ల దావా వేయడానికి వారికి ఎవరూ ఏ బహుమానమూ ప్రకటించలేదు. పార్లమెంటు ఎట్టకేలకు ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ నివేదిక 1914 ఆగస్టు 4న వెలువడింది. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన రోజు కూడా అదే. మరునాటి పత్రికలలో దానికి చోటు ఎక్కడుంటుంది?

స్టాంపు సుంకాన్ని 1941లో రద్దు చేశారు. మరుసటి ఏడాది మార్చిలో శ్రీమతి కార్లిల్ 96వ ఏట చనిపోయింది. వైద్యుడు రాసిన కారణాలలో వృద్ధాప్యంతో పాటు ఇన్‌ఫ్లుయెంజా కూడా ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. లేకపోతే ఈ బుడ్డిలోని పౌడరు దులిపి, దుకాణం కట్టేసేలోపు ఆ మెకానిక్‌కు అప్పగించాలి.