తొమ్మిది అంకణాల్లో టెన్నిస్: రెడ్ బాల్ ఆటా, పికిల్‌బాలూ

[తెర మీద: నెల్లూరు, పొద్దున ఆరున్నర. అపార్టుమెంటు వెనక షటిల్ కోర్టు. ముగ్గుపిండితో గీత గీస్తున్న చెయ్యి.]

నమస్కారం అండీ. ఈ గీత కాణ్ణించి ఆ గీత దాకా 36 అడుగులు. అడ్డంగా 18. మొత్తం 648 చదరపు అడుగులు. మన నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా తొమ్మిది అంకణాలు. ఒంగోలు వైపు వాళ్ళు సెంట్లలో అడుగుతారు, వాళ్ళకైతే సెంటున్నర. ఇంత జాగాలో రెడ్ బాల్ టెన్నిస్ ఆడొచ్చు, అంటే నెమ్మదిగా వచ్చే ఎర్ర బంతితో ఆడే టెన్నిస్. పిల్లల కాలక్షేపం అనుకోబాకండి. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, సర్వీసు, వాలీ (బంతి నేల తాకకముందే గాలిలో కొట్టడం) అన్నీ ఉన్న టెన్నిసే ఇది. నలభై, యాభై దాటి ఇంతవరకూ రాకెట్ పట్టనివాళ్ళ కోసం ఈ వీడియో చేస్తున్నాను.

[తెర మీద: పెద్ద టెన్నిస్ కోర్టు పటం. దాని మీద చిన్న కోర్టు ఎర్రగా.]

పెద్ద కోర్టు ఎంతుంటుందో చూడండి. 78 అడుగుల పొడవు, డబుల్స్‌కి 36 అడుగుల వెడల్పు. గీతల లోపలే 39 అంకణాలు. వెనక్కీ పక్కకీ పరుగెత్తే జాగా కలుపుకుంటే 120 అడుగులకి 60, అంటే నూరు అంకణాలు. ఇంకో సంగతి గమనించారా? పెద్ద కోర్టు వెడల్పు 36, మన చిన్న కోర్టు పొడవూ 36. అందుకే ఒక పెద్ద కోర్టుని అడ్డంగా విడగొడితే చిన్న కోర్టులు నాలుగు హాయిగా పడతాయి. ఇద్దరో నలుగురో ఆడే చోట పదహారు మంది ఆడుకోవచ్చు.

నేను నలభై దాటాక టెన్నిస్ నేర్చుకుందామని ఒక చోట చేరాను. రెండు నెలలు పోయాను. గంట ఆటలో ముప్పావు గంట బంతులు ఏరుకోవడంతోనే సరిపోయేది. అటు నుంచి వచ్చిన బంతి నేల తాకి భుజం దాటి లేస్తుంది, నేను చెయ్యి ఎత్తేలోపు వెనక కంచెకి తగులుతుంది. నేర్పించే ఆయన మంచాయనే, కానీ రోజూ ఒకటే మాట, "ముందుగా రెడీ కావాలమ్మా". ఎంత ముందుగా అయినా చాల్లేదు. ఈ వయసులో ఇది మనకి రాదులే అనుకుని మానేశాను. అది నా లోపం కాదని, నా చేతికి అందని బంతి ఇచ్చారని చాలా రోజులకి తెలిసింది. నాలాగా మానేసినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో అనిపించి ఇప్పటికీ బాధేస్తుంది.

[తెర మీద: రెండు బంతులు ఒకే ఎత్తు నించి వదిలిన దృశ్యం, నిదానంగా.]

ఇప్పుడు బంతి సంగతి. దీన్ని కొంచెం ఓపిగ్గా చూడండి, ఎందుకంటే ఆట మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మామూలు పసుపు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నించి వదిలితే 135 నించి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం అది. సగం ఎరుపు, సగం పసుపు రంగులో ఉండే రెడ్ బాల్ అదే ఎత్తు నించి పడితే 90 నించి 105 దాకా మాత్రమే లేస్తుంది. పసుపు బంతి కంటే కాస్త లావు, బరువు తక్కువ, లోపల గాలి ఒత్తిడి తక్కువ. లావుగా తేలిగ్గా ఉండేసరికి గాలిలోనే వేగం తగ్గిపోతుంది. పసుపు బంతి కంటే 75 శాతం నెమ్మది అని సమాఖ్యే చెప్తుంది. మీ దగ్గరికి వచ్చేసరికి నడుము ఎత్తున ఉంటుంది. రాకెట్ వెనక్కి తీసుకుని, అడుగు ముందుకేసి, కింది నించి పైకి ఊపి కొట్టడానికి తీరిక దొరుకుతుంది. మా వదిన యాభై రెండేళ్ళావిడ. మొదటి రోజు నాలుగో బంతి కొట్టగానే, "ఏందమ్మాయ్, బంతి నా కోసం ఆగినట్టుందే!" అన్నది. ఆ ఒక్క మాటలో మొత్తం చెప్పేసింది ఆమె.

మా నాన్న కాలంలో ఊళ్ళల్లో బాల్ బ్యాడ్మింటన్ ఉండేది. పసుపు రంగు ఉన్ని బంతి. అందులో బంతి నేల తాకితే పాయింటు పోయినట్టే. ఇక్కడ ఒక్క బౌన్స్ పడనివ్వొచ్చు. ఆ బౌన్సే మనకిచ్చే గడువు.

ఈ ఎర్ర బంతి కొత్తదేం కాదు. సమాఖ్య 2007లో ప్లే అండ్ స్టే అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతుల్ని (ఒకదాని కంటే ఒకటి కొంచెం వేగం) ముందుకు తెచ్చింది. 2012 నించి పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని నియమం కూడా వచ్చింది. పసిచేతికి పసుపు బంతి భారమని అందరికీ తెలుసు. మరి యాభై ఏళ్ళకి మొదటిసారి రాకెట్ పట్టుకున్న చేతికి? ఇంగ్లండులో చిన్న రాకెట్లూ ఫోమ్ బంతులతో పెద్దవాళ్ళు ఆడే టచ్ టెన్నిస్ అనే ఆట చాలా ఏళ్ళుగా ఉంది. అమెరికా టెన్నిస్ సంఘం కూడా రెడ్ బాల్ ఆటని ఇప్పుడు పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకొస్తోంది. మన దగ్గర ఇంకా చిన్నపిల్లల క్లాసులోనే ఉండిపోయింది.

[తెర మీద: పికిల్‌బాల్ ప్యాడిల్, చిల్లుల బంతి.]

ఇక చిన్న జాగాలోనే ఆడే ఇంకో ఆట, పికిల్‌బాల్. 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ మొదలుపెట్టిన ఆట. పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద పుట్టింది కాబట్టి కొలత కూడా అదే, 44 అడుగులకి 20. పన్నెండు అంకణాల పైచిలుకు. నెట్ పక్కల్లో 36 అంగుళాలు, మధ్యలో 34. తీగలు లేని గట్టి ప్యాడిల్, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి. సర్వీసు కింది నించే వెయ్యాలి. సర్వీసు ఒకసారి, దాని జవాబు ఒకసారి నేల తాకాకే గాలిలో కొట్టడం. నెట్‌కి రెండు వైపులా ఏడేసి అడుగుల జాగాని కిచెన్ అంటారు, అందులో నిలబడి వాలీ కొట్టకూడదు. పదకొండు పాయింట్ల ఆట, రెండు తేడా ఉండాలి. పాత పద్ధతిలో సర్వీసు చేసేవాళ్ళకే పాయింటు వస్తుంది. డబుల్స్‌లో స్కోరు చెప్పేటప్పుడు మూడు అంకెలు చెప్పాలి: మన పాయింట్లు, అవతలివాళ్ళ పాయింట్లు, సర్వీసు చేసేది ఒకటో మనిషా రెండో మనిషా అని. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, ఆట దగ్గర కాదు.

పికిల్‌బాల్ మంచి ఆట. వచ్చిన గంటలోనే నలుగురు నవ్వుతా ఆడుకోవచ్చు, అంత సులువు. మోకాళ్ళు ఇబ్బంది పెట్టేవాళ్ళకి డబుల్స్‌లో నడక తక్కువ. మీకు కావాల్సింది నలుగురితో కలవడమూ, కబుర్లూ, కాస్త చెమటా అయితే అదే ఆడండి. నేనూ ఆదివారం ఆడతాను.

కానీ మీ మనసులో ఉన్నది టెన్నిస్ అయితే రెడ్ బాల్ పట్టుకోండి. పికిల్‌బాల్‌లో చెయ్యి ఎక్కువగా ముందుకు నెడుతుంది, ఊపు చిన్నది. బంతి గట్టిది, ప్యాడిల్ నున్నది కాబట్టి దాని నేర్పు వేరు. రెడ్ బాల్‌లో తీగల రాకెట్ బంతిని పట్టుకుని పైకి తిప్పుతుంది, మీరు నేర్చుకునే ఊపు పెద్ద కోర్టులో కూడా అదే. రేపు నారింజ బంతికి, ఎల్లుండి ఆకుపచ్చ బంతికి పోతారు, చెయ్యి మార్చుకోనక్కర్లేదు. సర్వీసు పైనించి వేసినా కింది నించి వేసినా మీ ఇష్టం. నెట్ దగ్గరికి ఎప్పుడైనా పోవచ్చు. స్కోరు ఒకటి, రెండు, మూడు అని పది దాకా ఎంచుకుంటే చాలు, ఎవరు సర్వీసు చేసినా పాయింటు పాయింటే.

ఇంకో రెండు సంగతులు మన ఊరికి సంబంధించినవి. ఒకటి గాలి. మే, జూన్‌లో పడమటి గాలి లేచిందంటే పికిల్‌బాల్ బంతి చెప్పినట్టు వినదు, అది 26.5 గ్రాములకి మించదు. రెడ్ బాల్ కనీసం 36 గ్రాములు, నూగు ఉంటుంది, కొంచెం నిలబడుతుంది. రెండోది చప్పుడు. ప్లాస్టిక్ బంతి గట్టి ప్యాడిల్‌కి తగిలితే టక్ టక్ మని నాలుగో అంతస్తు దాకా వినిపిస్తుంది. పొద్దున్నే ఆడేవాళ్ళతో పైవాళ్ళు గొడవపడటం నేను చూశాను. రెడ్ బాల్ చప్పుడు మెత్తగా ఉంటుంది. పసిబిడ్డలున్న ఇళ్ళ పక్కన ఇది చిన్న విషయం కాదు.

[తెర మీద: షటిల్ కోర్టు గీతల లోపల ముగ్గుపిండి గీతలు. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా.]

కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. షటిల్ కోర్టు 44 అడుగులకి 20 గదా. ముందూ వెనకా నాలుగేసి అడుగులు, పక్కల ఒక్కో అడుగు వదిలేసి లోపల గీత గీయండి, అంతే. నెట్ 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. షటిల్ నెట్ అంత కిందికి దిగకపోతే ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి, వాటి వీపుల మీదుగా తాడు లాగండి. ఎత్తు ఇంచుమించు అంతే వస్తుంది. కింద సిమెంటు గచ్చు ఉండాలి, మట్టి మీద ఈ బంతి సరిగా లేవదు. రాకెట్ ఇంట్లో పాతది 27 అంగుళాలది ఉంటే అదే వాడండి. బంతి మాత్రం షాపులో అడిగితే పసుపుదే చేతిలో పెడతారు, ఆన్‌లైన్‌లో స్టేజ్ 3 రెడ్ అని వెతకండి. బూట్లు పక్కకి జారనివి కావాలి, నడకకి వాడేవి వద్దు. గుండె, మోకాలు సమస్యలుంటే డాక్టరుని అడిగాకే దిగండి. ఎండాకాలంలో ఏడున్నరకల్లా ముగించండి.

[తెర మీద: వదిన, నేను ఎదురెదురుగా. నెట్‌కి చెరో ఆరడుగుల దూరం.]

మొదటి రోజు పాయింట్లు లెక్కపెట్టబాకండి. ఇద్దరూ నెట్‌కి ఆరేసి అడుగుల దూరంలో నిలబడి, ఒకరి బంతి ఒకరికి అందేలా మెల్లగా కొట్టుకోండి. గట్టిగా పైకి లెక్కపెట్టండి. పది దాకా బంతి పోకుండా వస్తే ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి జరగండి. మళ్ళీ పది, మళ్ళీ ఒక అడుగు. మా వదినకి వెనక గీత దాకా రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున నాకంటే ముందే వచ్చి గీతలు గీసి పెట్టి ఉన్నది.