కొత్త ఇంజిన్‌కు మసి పూసే పని

నమస్కారమండీ. శీతాకాలమంతా ఆ గదిలో ఏం చేస్తుంటావని ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగే మా పెద్దమ్మ కోసం ఈ వీడియో తీస్తున్నాను. ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌లో డిసెంబరు వస్తే సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

మన దగ్గర కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఏడాది గడిచినా సీటు కవరు తీయరు కదా. ఇక్కడేమో 150 పౌండ్లు, అంటే పౌండుకు 115 రూపాయల చొప్పున 17,250 రూపాయలు పోసి కొన్న నిగనిగలాడే బొమ్మ ఇంజిన్‌కు, మరో వెయ్యి పెట్టి వార్నిష్ డబ్బా కొని మరీ మురికి పట్టిస్తారు. దీన్నే వెదరింగ్ అంటారు.

ఇది అసలు కొలతలో 76వ వంతున్న 9ఎఫ్ ఆవిరి ఇంజిన్. 1954 నుంచి 1960 వరకు ఇవి 251 తయారయ్యాయి; చివరిదైన ఈవెనింగ్ స్టార్ ఆకుపచ్చ రంగుతో ఇక్కడి జాతీయ రైల్వే మ్యూజియం సేకరణలో ఉంది. మిగిలినవి నల్లనివి. 1968లో బ్రిటిష్ రైల్వే ఆవిరిని వదిలేసే ముందరి ఏళ్లలో తుడిచేవారు కరువై, చాలా ఇంజిన్ల నంబర్లు కూడా మసి కింద కనిపించేవి కావు.

ముందుగా మెరిసే యాక్రిలిక్ వార్నిష్ కొట్టాలి, ఎందుకంటే గరుకు ఉపరితలం మీద అంటించిన నంబరు స్టిక్కరు కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అది పూర్తిగా ఆరాక స్టిక్కరు అంటించి, వైట్ స్పిరిట్‌లో బాగా పలచన చేసిన గోధుమ, నలుపు ఆయిల్ రంగులను రివెట్ల చుట్టూ పారించి, అరగంట తర్వాత దూది పుల్లతో పైనుంచి కిందికే తుడవాలి. వాన నీరు ఎటు జారుతుందో మురికీ అటే జారుతుంది. యాక్రిలిక్ పొరను వైట్ స్పిరిట్ కరిగించదు కాబట్టి అడుగు రంగుకు భయం లేదు. పొగగొట్టం చుట్టూ మసి, బాయిలర్ మీద సున్నపు చారలు, చక్రాల దగ్గర బ్రేకుల ఇనుపపొడి: ఏది ఎక్కడ చేరుతుందో బెజవాడ రైల్వే షెడ్డులో ఇంజిన్‌కు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసిన తాతయ్య ఉంటే ఒక్క మాటలో చెప్పేవారు.

ఆ తర్వాత మెరుపు లేని మ్యాట్ వార్నిష్. ఈ దేశపు తేమలో కొడితే అది తెల్లగా పొగమంచులా గడ్డకడుతుంది, అందుకని పొడిగా ఉన్న రోజు దొరికేదాకా ఆగవలసిందే. చక్రాలను కలిపే కడ్డీలపై మాత్రం కొట్టను. అక్కడ నూనె మెరుపు ఉండాలి. చివరగా మసిలా కనిపించేందుకు అద్దే రంగుపొడి మీద వార్నిష్ పడితే పొడి సగం మాయమవుతుంది, అందుకే దాన్ని పూత లేకుండా అలాగే వదిలేస్తాను. కాబట్టి, పెద్దమ్మా, నువ్వు వచ్చినప్పుడు దీన్ని దయచేసి గుడ్డతో తుడవకు.