కన్నం వేసే చప్పుడు

(ఫిల్మ్ సొసైటీ నెలవారీ ప్రదర్శనలో ‘రిఫిఫి’ వేసే ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందర్నీ పేరుపేరునా తలుచుకుంటే పావుగంట పడుతుంది. పెద్దలు మన్నించాలి, ఆ పావుగంట సినిమాకి కావాలి.

పాత ఫ్రెంచి క్రైమ్ సినిమాల గురించి మాట్లాడమన్నారు. 1954 నుంచి 1970 దాకా అయిదు సినిమాలు వరసగా చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను. ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

ఈ సినిమాల మాటెత్తగానే అందరూ రెయిన్‌కోటు, టోపీ, సిగరెట్టు పొగ అంటారు. అవీ ఉంటాయి. కానీ ఈ సినిమాల్లో అసలు సరుకు పని. చేతిపని. వడ్రంగి పని ఎంత శ్రద్ధగా చూస్తామో అంత శ్రద్ధగా దొంగ పనిని చూపించారు వీళ్లు. దొంగతనానికి మన భాషలో ఎంత చక్కటి మాట ఉందో చూడండి: కన్నం వేయడం. పని పేరే నేరం పేరు. జాక్ బెకెర్ తీసిన 1960 సినిమా ‘లె త్రూ’ పేరుకి అర్థం కూడా అచ్చంగా అదే, కన్నం. ఆ మాటకొస్తే సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ గోడకి ఏ ఆకారంలో కన్నం వేయాలో ఆలోచించి, కొలతాడు మర్చిపోయానే అని జంధ్యంతో కొలుచుకుంటాడు. ఆ జంధ్యం గుర్తుంచుకోండి. ఇవాళ దాని స్థానంలో ఓ గొడుగు చూడబోతున్నారు.

‘రిఫిఫి’ 1955లో వచ్చింది. ఒగుస్త్ లె బ్రెతోఁ నవల ఆధారం. తీసిన జూల్స్ డాసిన్ అమెరికావాడు. రెండు గంటల సినిమాలో దాదాపు అరగంట ఒకే ఒక్క దొంగతనం. ఆ అరగంటలో మాట లేదు, సంగీతం లేదు. పారిస్‌లో నగల దుకాణం, దాని పైన ఫ్లాటు, నలుగురు మనుషులు, ఒక రాత్రి.

ముందు సాధన. దుకాణంలో ఉన్నలాంటి అలారమే తెచ్చుకుని పరీక్షిస్తారు. చిన్న అదురుకే మోగే రకం అది. తీగ కోస్తే మోగుతుంది, కొడితే మోగుతుంది. చివరికి మంటలార్పే సిలిండర్ నురగ లోపలికి కొడితే దాని నోరు పడిపోతుంది. ఆ జవాబు దొరికేదాకా మనమూ వాళ్ల పక్కనే కూర్చుంటాం. అందుకే ఆ రాత్రి ఏ సామాను దేనికో ఎవరూ మనకి వివరించక్కర్లేదు.

ఇక పని. పై ఫ్లాటులో నేల పగలగొట్టాలి. సుత్తి చప్పుడు కాకుండా గుడ్డ చుడతారు. కిందనున్న అలారం అదురుకి మోగుతుంది కాబట్టి పెచ్చు ముక్క ఒక్కటి కూడా దుకాణం నేల మీద పడకూడదు. ఎలా? ముందు చిన్న బెజ్జం చేస్తారు. అందులోంచి మూసిన గొడుగు కిందికి దించి, అక్కడ తెరుస్తారు. ఇక బెజ్జం పెద్దది చేస్తుంటే రాలే సున్నం, పెచ్చులు, ఇటుక ముక్కలు అన్నీ ఆ గొడుగులోనే పడతాయి. ఒక గొడుగు, ఒక తాడు! ఏ ఖరీదైన యంత్రమూ లేదు. తర్వాత తాడు మీద దిగి నురగతో అలారం నోరు మూస్తారు. ఇనప్పెట్టెని మెల్లగా వాల్చి, వెనకవైపు నుంచి గుండ్రంగా కోస్తారు. ముందున్న తాళం జోలికే పోరు.

మధ్యలో ఎవరిదో చెయ్యి పియానో మెట్ల మీద పడుతుంది. ఒక్క స్వరం. అందరూ కొయ్యబారిపోతారు. హాల్లో మనమూ అంతే. ఆ ఒక్క స్వరానికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు? అంతకు ముందు సంగీతం లేకపోవడం వల్ల వచ్చింది. తబలా, వయొలిన్లు అప్పటికే వాయించేస్తూ ఉంటే ఆ పియానో చప్పుడు ఎవరికి వినపడుతుంది?

దీని వెనక ఒక సంగతుంది. ఈ సినిమాకి సంగీతం జార్జ్ ఒరిక్. పేరున్న పెద్దమనిషి. ఆ దొంగతనానికి గొప్ప సంగీతం కడతానన్నాడు. వద్దన్నాడు డాసిన్. ఎందుకైనా మంచిదని ఒరిక్ కట్టేశాడు. డాసిన్ ఆయన్ని కూర్చోబెట్టి ఆ భాగం సంగీతంతో ఒకసారి, సంగీతం లేకుండా ఒకసారి వేసి చూపించాడు. చూశాక సంగీతం తీసెయ్యమన్నది ఒరిక్కే. తను కట్టిన సంగీతాన్ని తనే! నమస్కారం పెట్టాలి అలాంటి సంగీత దర్శకుడికి. మన ఊళ్లో ఎడిటింగ్ గదుల్లో కూర్చునే కుర్రాళ్లు ఇవాళ ఈ హాల్లో కొందరున్నారు. బాబూ, మీకే చెబుతున్నాను. ఒక్కసారి అలా రెండు రకాలుగా వేసి చూడండి. తలుపు తీసినా, మెట్లెక్కినా, మంచినీళ్లు తాగినా డప్పులు మోగించే అలవాటు మానండి. చేతులు పనిచేస్తుంటే వాటి చప్పుడే సంగీతం. ఇది కోపంతో అంటున్న మాట కాదు, బాధతో అంటున్నాను.

అయిదు సినిమాలన్నాను కదూ. సరే, ఈ నలుగురి సంగతి తేల్చకుండా కదలను. పని ఎక్కడా చెడదు, చూశారా. అరగంట పనిలో ఒక్క తప్పు లేదు. చెడేది పని అయిపోయాక. ఇనప్పెట్టెలు తెరిచే సీజర్ ఒక ఉంగరం విడిగా జేబులో వేసుకుని క్లబ్బులో పాడే అమ్మాయికి ఇస్తాడు. ఆ ఉంగరం మీదే మొత్తం కూలుతుంది. ఎదుటి ముఠా సీజర్‌ని పట్టుకుని బెదిరిస్తే తోటివాడి పేరు చెప్పేస్తాడు. తర్వాత ముఠా పెద్ద తోనీ వచ్చి, ఇష్టమైన మనిషే అయినా, కట్టుబాటు ప్రకారం కాల్చేస్తాడు. ఆ సీజర్ వేషం వేసిందెవరు? డాసినే. టైటిల్స్‌లో పేరు మాత్రం పెర్లో వీటా అని ఉంటుంది. 1951లో అమెరికాలో కమ్యూనిస్టుల్ని వెతికే విచారణ సంఘం ముందు తోటి దర్శకులు ఈయన కమ్యూనిస్టని పేరు చెప్పారు. దాంతో పని ఇచ్చేవాళ్లు లేక, 1950 తర్వాత అయిదేళ్లు ఆయన సినిమా రాలేదు. పేర్లు చెప్పినవాళ్ల వల్ల దేశం వదిలిన మనిషి, పేరు చెప్పినవాడి వేషం తనే వేసి, స్తంభానికి కట్టుబడి నిలబడ్డాడు. ఆ సీను వచ్చినప్పుడు ఆయన కళ్లు చూడండి. ఇంకేమీ చెప్పను. 1955 కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి ఈయనకి వచ్చింది.

‘లె త్రూ’ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 1947లో పారిస్ లా సాంతే జైలు నుంచి తప్పించుకోవాలని కొందరు ఖైదీలు నేల తవ్వారు. వాళ్లలో ఒకడే జోసె జొవానీ, తర్వాత నవల రాశాడు. ఇంకొకడు జాఁ కెరోదీ, సినిమాలో రోలాఁ వేషం ఆయనదే. అంటే తెర మీద తాళం విప్పే ఆ చేతులు నిజంగా జైల్లో ఆ పని చేసిన చేతులు. మంచం నుంచి ఊడదీసిన ఇనప ముక్కతో కాంక్రీటు కొడతారు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు అందుకుంటాడు. కెమెరా కదలదు, కోత లేదు, దాదాపు నాలుగు నిమిషాలు. మొదట గీతలు, తర్వాత పొడి, తర్వాత పెళ్లలు, తర్వాత కింద చీకటి. ఆ కాంక్రీటు నిజంగా పగిలింది కాబట్టే మన భుజాలు నొప్పెడతాయి. టైము తెలియడానికి రెండు చిన్న మందు సీసాలు, ఇసక, ఇసక గడియారం. బయట కాపలా చూడటానికి పళ్ల బ్రష్షుకి అద్దం ముక్క కట్టి తలుపు బెజ్జంలోంచి తిప్పుతారు. ఆ అద్దంలో చివరికి ఏం కనపడుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను. సినిమా విడుదల కాకముందే, 1960 ఫిబ్రవరిలో, బెకెర్ పోయాడు.

బెకెర్‌దే 1954 సినిమా ‘తూషే పా ఓ గ్రిస్బీ’. గ్రిస్బీ అంటే పారిస్ దొంగల భాషలో డబ్బు. బంగారం కొట్టేసిన ఇద్దరు ముసలి స్నేహితులు రాత్రిపూట రస్కులకి పాతే అనే మాంసం ముద్ద రాసుకుని, తెల్ల వైను తాగి, పైజమాలు వేసుకుని పళ్లు తోముకుని పడుకుంటారు. జాఁ గబేఁ అలమారలోంచి మడత పెట్టిన పైజమా తీసి ఇవ్వడం ఒక్కటి చాలు, ఆ స్నేహం ఎన్నేళ్లదో తెలియడానికి. ఇంకో దర్శకుడు జాఁ-పియెర్ మెల్విల్ సినిమాలు రెండు మిగిలాయి. 1967 ‘లె సామురాయ్’లో అలెఁ దెలోఁ దొంగ తాళాల గుత్తి పక్క సీటు మీద పెట్టుకుని, ఒక్కొక్కటే కారుకి వేసి చూస్తాడు, చూపు మాత్రం ముందుకే. 1970 ‘లె సెర్కల్ రూజ్’లో ఈవ్ మోఁతాఁ మెత్తని లోహం కరిగించి తూటా తనే పోసుకుంటాడు, తాళం బెజ్జంలోకి కాల్చడానికి. వీటిని ఇంకో నెల వేద్దాం. మెల్విల్‌కి విడిగా ఒక సాయంత్రం ఇవ్వాలి.

ఒక్క విన్నపం. ఈ సినిమాలు ఫోన్లో పది సెకన్లు పది సెకన్లు ముందుకి తోస్తూ చూడకండి. అరగంట పని మూడు నిమిషాల్లో చూస్తే పియానో స్వరం ఉత్త చప్పుడే. ఇంట్లో టీవీలో చూస్తే కదలికని నునుపు చేసే సెట్టింగు ఆపేయండి, ముఖాలు సీరియల్లా కనపడతాయి. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ కూడా ఆపాలి. అది చిన్న చప్పుడు పెంచి పెద్ద చప్పుడు తగ్గించి రెంటినీ ఒకటే చేస్తుంది. రాలే పెచ్చు, మోగే పియానో ఒకేలా వినపడితే డాసిన్ పడ్డ కష్టం ఎటు పోయినట్టు? ఈ హాల్లోనూ అంతే. దొంగతనం సినిమా సగానికి కాస్త ముందే మొదలవుతుంది. అప్పుడు ఉక్కగా ఉన్నా సరే ఫ్యాన్లు అరగంట ఆపుదాం, ఆ రెక్కల చప్పుడు కింద గొడుగులో పెచ్చులు పడటం వినపడదు. వెనక వరసలో అమ్మా, ఆ కిటికీ కూడా వేసేయండి, రోడ్డు మీది హారన్లు వస్తున్నాయి. బాబూ, లైట్లు తీసెయ్.