సంతకం ఎవరిది? ల్యాబ్ టెక్నీషియన్ల ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండి. ఎక్కడి నుంచి?

కాలర్ (నర్సీపట్నం): నమస్తే మేడమ్, డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయికి ఇంటర్ బైపీసీ అయిపోయిందండి. డీఎంఎల్‌టీ, అదే ల్యాబ్ డిప్లొమా చేయించమని కొందరు, బీఎస్సీ ఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ డిగ్రీ అని కొందరు. ఊళ్లో ఒకాయన ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు.

డాక్టర్: ఆ ఆరు నెలలాయన్ని ఇంటికి రానివ్వకండి. కేంద్రం 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్, అంటే టెక్నీషియన్ లాంటివారు అనిపించుకోవాలంటే కనీసం 2000 గంటల చదువు ఉండాలి. డిగ్రీ కావాల్సిన హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కైతే 3600 గంటలు. ఆరు నెలల్లో అన్ని గంటలు ఎక్కడి నుంచి వస్తాయండీ? డీఎంఎల్‌టీ రెండేళ్లు. కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా లేదా అన్నది ఫీజు కట్టకముందే చూసుకోండి. కోర్సు అయ్యాక బోర్డులో రిజిస్ట్రేషన్ చేయించాలి, మార్కుల మెమో ఒక్కటే చాలదు. స్థోమత ఉంటే బీఎస్సీనే చేయించండి.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాతి కాలర్.

కాలర్ (కోదాడ): నమస్కారం సార్. నేను డీఎంఎల్‌టీ చేశాను, పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా ల్యాబ్ ఓనరుకి మెడికల్ షాపు కూడా ఉంది సార్. మొదట్లో మైక్రోస్కోప్, సెంట్రిఫ్యూజ్, అంతే ఉండేవి. తర్వాత సెమీ ఆటో అనలైజర్ వచ్చింది, కిందటేడు సెల్ కౌంటర్ కూడా కొన్నారు. ఇప్పుడు రోజుకు ముప్పై, నలభై శాంపిల్స్. సీజన్లో అయితే చెప్పక్కర్లేదు...

డాక్టర్: ప్రశ్న ఏంటి బాబూ?

కాలర్: వస్తున్నాను సార్. రిపోర్టు మీద నేను సంతకం పెట్టొచ్చా?

డాక్టర్: టెస్టు చేసినవారు అని రాసిన చోట పెట్టండి, పెట్టాలి కూడా. ఇది నిజం అని ఒప్పుకునే సంతకం మాత్రం మీది కాదు. సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 12న తేల్చేసింది. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో, అంటే రక్తం, కణజాలం పరీక్షల వైద్యంలో పీజీ చేసిన, రిజిస్టర్డ్ డాక్టరే కౌంటర్ సంతకం చేయాలి. ఎమ్మెస్సీ వాళ్లకు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల 2020 సవరణలో వాళ్ల సబ్జెక్టు వరకు, అభిప్రాయం రాయకుండా, కొంత వీలిచ్చారు. డిప్లొమాతో కుదరదు.

కాలర్: మాకు పాథాలజిస్టు ఉన్నారు సార్. ఖమ్మం నుంచి ఆదివారం వస్తారు. వాళ్ల సంతకం స్కాన్ చేసి కంప్యూటర్లో ఉంది. ప్రింట్ కొడితే అదే పడుతుంది.

డాక్టర్: అదీ సంగతి. సోమవారం తీసిన రక్తానికి ఆదివారం పెట్టిన సంతకమా? రోజూ చెప్పే మాటే మళ్లీ చెబుతున్నాను, సంతకాన్ని అద్దెకు ఇవ్వకూడదు, అద్దెకు తీసుకోకూడదు. రేపు తేడా వస్తే ఆ డాక్టరు నేను చూడలేదంటారు, ఓనరు నాకేం తెలియదంటాడు. మిగిలేది ఎవరు?

కాలర్: నేనే సార్.

డాక్టర్: మరి!

కాలర్: కానీ సార్, మిషనే కదా నంబరు ఇచ్చేది. దానికి కూడా...

డాక్టర్: మిషన్‌కి ఎవరి రక్తమో, అందులో ఏం కలిసిందో తెలుసా?

కాలర్: మీరన్నారు కాబట్టి చెబుతాను సార్. మొన్న ఒక పెద్దాయన శాంపిల్‌లో పొటాషియం 9 దాటింది, కాల్షియం చూస్తే 3 ఉంది. నా గుండె ఆగినంత పనైంది. పెద్దాయనేమో బయట బెంచీ మీద బిస్కెట్ తింటున్నాడు. ఆ నంబర్లతో బిస్కెట్ తినడం ఏంటని అనుమానం వచ్చి కుర్రాణ్ని పిలిచి అడిగాను. ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువైందని, పర్పుల్ మూత దాంట్లోంచి కాస్త పోశాడట.

డాక్టర్: (నవ్వు) ఈడీటీఏ! పర్పుల్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు. ఆ మందులోనే పొటాషియం ఉంటుంది, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఏం చేశారు?

కాలర్: ఇంకో చేతికి కొత్తగా తీశాను సార్. పొటాషియం 4.3. టెస్టు రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి విషయం చెప్పి, మొదటిది రిజిస్టర్లో కొట్టేసి పక్కన కారణం రాశాను.

డాక్టర్: శభాష్. మీ పని అంటే అదీ. శాంపిల్ సరిగ్గా తీయడం, పేరు రాయడం, క్యూసీ, అంటే మిషన్ సరిగ్గా చూపుతోందో లేదో చూసే పరీక్ష నడపడం, పాడైన శాంపిల్‌ని వద్దనడం, ప్రాణం మీదికొచ్చే నంబరు వస్తే వెంటనే ఫోన్ చేయడం, చేసిన టైము రాసుకోవడం. ఇవన్నీ మీ అధికారాలే. అయితే ఆ 9 బయటికి వెళ్లి ఉంటే ఎవరో ఇంజెక్షన్ పొడిచేవారు. ఆ సంతకం డాక్టరు ఆదివారం గానీ చూడరు.

కాలర్: నిజమే సార్. ఇంకోటి. వైడాల్, అదే టైఫాయిడ్ పరీక్షలో 1:160 వస్తే జనం నన్నే అడుగుతారు, టైఫాయిడేనా అన్నా అని.

డాక్టర్: నంబరు రాయండి, జబ్బు పేరు నోటితో కూడా అనకండి. అదొక్కటే చూసి జబ్బు తేల్చరు. మందు అసలే చెప్పకండి. అర్హత లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

కాలర్: అయితే సార్, మరి రిపోర్టు మీద సంతకం నేను...

డాక్టర్: మళ్లీ మొదటికొచ్చారా! ఆ ఒప్పుకునే సంతకం పెట్టకూడదయ్యా. ఆ పూట రిపోర్టు ఆ పూటే డాక్టరు చూసి తానే ఒప్పుకోవాలి. ఆ సంతకం పాస్‌వర్డు మీ దగ్గర ఉండకూడదు. ఈ మాటే ఓనరుకి కాగితం మీద రాసివ్వండి, నకలు దాచుకోండి.

యాంకర్: మరో కాలర్ ఉన్నారు. గుంటూరు నుంచి, చెప్పండమ్మా.

కాలర్ (గుంటూరు): మా కోడలు ఇక్కడ ల్యాబ్‌లో చేసేది డాక్టరు గారూ. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ చేరొచ్చా?

డాక్టర్: నేరుగా కుదరదమ్మా. ఇక్కడి డిగ్రీని అక్కడి సంస్థతో మదింపు చేయించాలి. అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీ (ఏఎస్‌సీపీ) పరీక్ష రాయడం మంచిది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల రాష్ట్ర లైసెన్సు కూడా విడిగా కావాలి. కాలిఫోర్నియాలో రక్తం తీసేవాళ్లకు కూడా సర్టిఫికెట్ ఉండాలి.

యాంకర్: థాంక్యూ అమ్మా. హలో, కదిరి.

కాలర్ (కదిరి): సార్, ఒక చిక్కు. నేను టెక్నీషియన్‌ని. మా చుట్టం ఒకాయన కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయి మా ల్యాబ్‌లోనే హెచ్ఐవీ చేయించుకున్నాడు. ఎలా వచ్చిందో చెప్పమని ఆయన ప్రాణం తీస్తున్నాడు.

డాక్టర్: నెగెటివ్ అయినా చెప్పకండి. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం పరీక్ష చేయడానికీ, బయట పెట్టడానికీ ఆ మనిషి ఒప్పుదల కావాలి.

కాలర్: చుట్టం సార్...

డాక్టర్: చుట్టమైనా సరే. ఆయన్నే అబ్బాయిని అడగమనండి. మీరు నోరు విప్పితే...

యాంకర్: క్షమించాలి, సమయం దగ్గరపడింది. కోదాడ నుంచి ఇందాకటి ఆయన మళ్లీ లైన్లో ఉన్నారు.

కాలర్ (కోదాడ): ఒక్క మాట సార్. ఆ స్కాన్ సంతకం ఇవాళ డిలీట్ చేస్తే ఓనరు ఊరుకోడేమో?

డాక్టర్: మీరు డిలీట్ చేయకండి. ఆ సంతకం ఎవరిదో ఆ డాక్టరుకే ఫోన్ చేసి తీయించమనండి. ఆదివారం దాకా ఆగకండి.