రెండోసారి వచ్చే మనిషి

నమస్కారం. విజయనగరం నుంచి ఒక ప్రేక్షకుడు పోయిన వారం నాకు వివరంగా ఒక ఉత్తరం రాశారు. ఆయనా, మరో ముగ్గురు మిత్రులూ కలిసి ఆరు నెలల క్రితం ఒక చర్చా బృందాన్ని మొదలుపెట్టారు. నెలకొక ఆదివారం సాయంత్రం కలుసుకుని, ఊరికి సంబంధించిన ఏదో ఒక విషయం మీద మాట్లాడుకోవాలని వారి ఉద్దేశం. మొదటి సమావేశానికి 22 మంది వచ్చారట. పోయిన నెల ఐదుగురే వచ్చారట, ఆ ఐదుగురిలో నలుగురు నిర్వాహకులే. "మా ఊళ్లో చర్చలంటే ఎవరికీ ఆసక్తి లేదండీ, మానేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని ఆయన అడిగారు.

మానవద్దనే అంటాను. శ్రీకాకుళంలో ఇలాంటి బృందాన్నే ఎనిమిదేళ్లుగా నడుపుతున్నవారిలో నేనొకణ్ణి కాబట్టి, ఆసక్తి లేదన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి 22 మంది వచ్చారంటే ఊళ్లో ఆసక్తి ఉన్నట్టే. అలా వచ్చినవారు రెండోసారి ఎందుకు రాలేదో తెలుసుకోవాలి. ఆ జవాబు మాకు ఎలా దొరికిందో చెబుతాను.

మా బృందం మొదలైన ఏడాది, వలస వెళ్లే కుటుంబాల పిల్లల చదువు గురించి ఒక సమావేశం పెట్టాం. కుర్చీలన్నీ వరసలుగా వేశాం, ముందు ఒక బల్ల పెట్టాం, బల్ల వెనక నిర్వాహకులం ముగ్గురం కూర్చున్నాం. చిన్న గదిలో మైకు కూడా పెట్టించాం. ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు గుమ్మం పక్కన ఆఖరి వరసలో కూర్చున్నారు. ఒళ్లో సంచీ, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మేము రెండు గంటలపాటు, పత్రికల్లో చదివిన సంగతులను ఒకరి తరవాత ఒకరం చెప్పుకున్నాం. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు విప్పి, రెండుసార్లు మళ్లీ మడిచి, చివరికి సంచీలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

రెండు నెలల తరవాత ఆర్టీసీ కాంప్లెక్సులో కనబడితే, ఎందుకు రావడం లేదని అడిగాను. "మీరంతా బాగానే మాట్లాడారండీ. నేనూ నాలుగు ముక్కలు రాసుకొచ్చాను గానీ, నన్నెవరూ అడగలేదు కదండీ" అన్నారు. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఆ కాగితంలో ఏముందని అడిగితే చెప్పారు: తన తరగతిలో ఏ నెలలో ఎంతమంది పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లిపోయారో, వారిలో ఎంతమంది తిరిగొచ్చారో, తిరిగొచ్చినవారు ఏ పాఠం దగ్గర వెనకబడ్డారో అన్నీ ఆవిడ రాసుకున్నారు. ఆ రోజు గదిలో ఆ విషయం కళ్లారా చూసిన మనిషి ఆవిడ ఒక్కరే. ఆవిడ నోరు విప్పే అవకాశం మేమివ్వలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తరవాతి నెల నుంచి బల్ల తీసేశాం, మైకు తీసేశాం, కుర్చీలు గుండ్రంగా వేశాం. ఎవరు వచ్చినా, మొదటి అరగంటలో ప్రతి ఒక్కరూ రెండేసి నిమిషాలు మాట్లాడతారు. ఇష్టం లేనివారు "తరవాత చెబుతాను" అనవచ్చు, అందుకు కారణం చెప్పనవసరం లేదు. ఒకసారి తన గొంతు ఆ గదిలో వినిపించిన మనిషికి రెండోసారి మాట్లాడటానికి అంత జంకు ఉండదని మేము ఎన్నోసార్లు చూశాం. వచ్చినవారు 14 మంది దాటితే రెండు గుంపులుగా కూర్చోబెడతాం, ఎందుకంటే 20 మంది రెండేసి నిమిషాలు మాట్లాడితేనే 40 నిమిషాలు గడిచిపోతాయి, అప్పటికి వినే ఓపిక ఎవరికీ మిగలదు.

సభను నడిపే మనిషి ఆ పూట తన అభిప్రాయం చెప్పకూడదన్నది మా మరో నియమం. అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నిజాయితీగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇలాంటి బృందాలు పెట్టేది సాధారణంగా మాట్లాడటమంటే ఇష్టం ఉన్నవారే. అందుకే ఆ బాధ్యతను నెలకొకరికి మారుస్తాం. ఆ పూట నడిపేవారి పని, ఎవరు మాట్లాడలేదో గమనించడం, ఎవరు ఎక్కువసేపు మాట్లాడుతున్నారో గమనించడం. మన ప్రాంతంలో పెద్దవారి మాటకు అడ్డు తగలడం మర్యాద కాదు కాబట్టి, ఈ రెండోది సున్నితంగా చేయాలి. "మేష్టారూ, మీరు చెప్పిన ఈ ముక్క మీద అమ్మాయి ఏమంటుందో విందాం, తరవాత మళ్లీ మీ దగ్గరికే వస్తాం" అంటే ఏ మేష్టారూ నొచ్చుకోలేదు. అయితే అలా అన్నాక నిజంగానే ఆయన దగ్గరికి తిరిగి రావాలి.

యాస సంగతి కూడా చెప్పాలి. నరసన్నపేట వైపు నుంచి ఒక రైతు మా సమావేశానికి వచ్చినప్పుడు, ఆయన వంతు రాగానే, "మీలాగ మాటాడ్డం నాకు రాదు బాబూ, నాను ఇంటాను, మీరు మాటాడండి" అన్నారు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోనే, వంశధార ఒడ్డున ఉంది. సవర గిరిజనుల మధ్యకు వెళ్లి, వారి భాషను వారి నోటనే విని నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన మనిషి ఆయన. ఆయన పుట్టిన జిల్లాలో ఒక రైతు తన మాట బాగుండదని మా ముందు తలదించుకున్నాడంటే, ఆ తప్పు మా సభది. మేమంతా ఉపన్యాస భాషలో మాట్లాడుతూ, ఆయన భాషకు చోటు లేదని ఆయనకు అర్థమయ్యేలా చేశాం. ఇప్పుడు మొదట మాట్లాడేవారు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలని ముందుగానే అనుకుంటున్నాం. మొదటి మనిషి గొంతును బట్టే మిగిలినవారి గొంతు ఉంటుంది.

ఇక విషయం ఎంపిక. విజయనగరం మిత్రులు ఈ ఆరు నెలల్లో పెట్టిన శీర్షికలు ఉత్తరంలో రాశారు: "యువత, సమాజం", "విద్యా విలువలు", ఇలాంటివి. వీటి మీద ఉపన్యాసం ఇవ్వవచ్చు గానీ చర్చ సాగదు, ఎందుకంటే ఎవరూ కాదనలేని మాటలే బయటికొస్తాయి. దానికి బదులు, "గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే ఎవరికి మేలు, ఎవరికి నష్టం?" అని అడిగి చూడండి. దుకాణదారుడికి ఒక మాట ఉంటుంది, ఆటో నడిపేవారికి ఇంకొక మాట ఉంటుంది, పిల్లల చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటే తల్లికి వేరే మాట ఉంటుంది. ప్రశ్నను, దానికి సంబంధించిన ఒక పేజీ సమాచారాన్ని బుధవారానికల్లా అందరికీ పంపండి. చదవకుండా వచ్చేవారి కోసం గుమ్మం దగ్గర నాలుగు ప్రతులు ఉంచండి.

తేదీని ప్రతి నెలా వాట్సాప్‌లో ఓటింగు పెట్టి తేల్చడం మేము ఏడాదిపాటు చేశాం. ప్రతిసారీ నలుగురు ఓటు వేసేవారు, మిగిలినవారు మరచిపోయేవారు. ఇప్పుడు రెండో ఆదివారం, నాలుగు గంటలకు మొదలు, ఆరు గంటలకు ముగింపు. ఇద్దరే వచ్చినా ఆ సమయానికి మొదలుపెడతాం, ఎంత రసవత్తరంగా సాగుతున్నా ఆరింటికి ఆపుతాం. ఎందుకంటే టెక్కలికో పాలకొండకో వెళ్లవలసినవారు కాంప్లెక్సుకు చేరాలి, రైలు ఎక్కేవారు ఆమదాలవలస దాకా వెళ్లాలి. చీకటి పడ్డాక ఒంటరిగా ఆటో ఎక్కవలసి వస్తుందన్న ఆలోచన ఉంటే ఆడవారు మొదటి గంట నుంచే గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. మే నెలలో మాత్రం ఉదయం ఏడింటికే కలుస్తాం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరు రెండో వారంలోనే మన తీరాన్ని తాకాయి కాబట్టి, ఆ ఒక్క నెల నాలుగో ఆదివారానికి జరుపుతాం. విజయనగరంవారు దసరా తరవాతి ఆదివారాన్ని వదిలేయడం మంచిది, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంటే అప్పటికే ప్రతి ఇంట్లోనూ చుట్టాలు దిగి ఉంటారు.

చోటు విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను. ఎంత మంచి హాలైనా, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే దాన్ని ఎంచుకోవద్దు. ఒక స్థలంలో మేము ఐదు నెలలు సమావేశాలు నడిపాం. ఆడవారి సంఖ్య ఎందుకు తగ్గుతోందో మాకు అర్థం కాలేదు, ఎవరూ నోరు తెరిచి చెప్పనూ లేదు. స్థలం మార్చిన తరవాతే తెలిసింది. టీ చివర్లో కాకుండా మధ్యలో ఇవ్వండి, కొత్తవారు పాతవారితో మాట కలిపేది ఆ పది నిమిషాల్లోనే. ఖర్చుకు తలా 20 రూపాయలు ఒక డబ్బాలో వేస్తే సరిపోతుంది.

ఒక నోటుపుస్తకం మాత్రం తప్పకుండా పెట్టండి. ఎవరు వచ్చారు, ఏ ప్రశ్న చర్చకు వచ్చింది, ఏది తేలకుండా మిగిలింది అన్నవి ఆ రాత్రే రాసి పెట్టాలి. మా ఊళ్లో 1997 ఫిబ్రవరి 22న మొదలైన కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం, కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పాత పత్రికలను ఓపికగా ఒక్కొక్కటే సేకరించి దాచడం వల్లనే ఈ రోజు పరిశోధకులకు ఉపయోగపడుతోంది. మన నోటుపుస్తకం అంతటిది కాదు, కానీ రెండేళ్ల క్రితం ఏమనుకున్నామో తెలియకపోతే అదే చర్చ మళ్లీ మొదటి నుంచి చేస్తాం.

ఐదుగురే మిగిలారని విజయనగరం మిత్రులు సిగ్గుపడవలసిన పని లేదు. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు), సాహితీవేత్త రోణంకి అప్పలస్వామి, కవి శ్రీరంగం నారాయణబాబు సాహిత్యం మాట్లాడుకుంటూ తిరిగిన ఊరు మీది, వారు ముగ్గురే. ఈ వారం మీరు చేయవలసింది ఒకటుంది. మొదటి రోజు వచ్చిన 22 మంది పేర్లు ముందు పెట్టుకుని, రానివారికి ఫోను చేయండి. సందేశం పంపితే చాలదు, గొంతు వినిపించాలి. "మళ్లీ రండి" అని ఒత్తిడి చేయకండి. "ఆ రోజు మీరు చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏమైనా ఉందా?" అని అడిగి, వారు చెప్పేదాకా ఆగండి. జవాబులను ఆ నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాయండి. వాటిలో ఒకటి మీ వచ్చే సమావేశానికి ప్రశ్న అవుతుంది. ఆ మాట చెప్పిన మనిషికి, "ఈ నెల మీ ప్రశ్న మీదే మాట్లాడుకుంటున్నాం" అని బుధవారం నాడు మళ్లీ ఒకసారి ఫోను చేయండి.

మా ఉపాధ్యాయురాలికి నేను అలాగే ఫోను చేశాను. నాలుగు మడతల కాగితం తీసుకుని ఆవిడ వచ్చిన రోజున, మొదటి మాట ఆవిడదే.